రొయ్య పొట్టు నుంచి గాయం కట్టు వరకు: సహజ పాలిమర్లతో డ్రెస్సింగ్ తయారుచేసే పద్ధతి

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యలు ఒలిచే చోట పొద్దున్నే ఒక గంట నిలబడితే, ఒలిచిన రొయ్య ఒక గంపలోకి, పొట్టు పక్కనున్న కుప్పలోకి చేరుతూ ఉంటాయి. ఎండెక్కేసరికి ఆ కుప్ప దగ్గర ముక్కు మూసుకోకుండా నిలబడడం కష్టమవుతుంది. ఆ పొట్టులోని కైటిన్ అనే సహజ పాలిమర్‌ను (చిన్న అణువులు గొలుసుగా కలిసిన పదార్థాన్ని) వేరుచేసి, ఆమ్లాల్లో కరిగే కైటోసాన్‌గా మార్చి, గాయం మీద పరిచే పలుచని పొరగానో స్పాంజిగానో తయారుచేసే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఫార్మసీ, బయోటెక్నాలజీ, పాలిమర్ రసాయనశాస్త్రం చదువుతూ ప్రాజెక్టు పనికి సిద్ధమవుతున్న విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను కాబట్టి, ఆల్జినేట్, కొల్లాజెన్ వంటి తక్కిన సహజ పాలిమర్లను ఎప్పుడు ఎంచుకోవాలో కూడా చెబుతాను.

ముందుగా ఒక హెచ్చరిక. కాలేజీ ల్యాబులో చేసిన పొర పరీక్షల కోసమే. దాన్ని స్నేహితుడి వేలి గాయం మీదనైనా, సొంత చర్మం మీదనైనా వేయకూడదు. షుగరు ఉన్నవారి కాలి పుండు, లోతుగా కాలిన గాయం, చీము పట్టి వాసన వస్తున్న గాయం కనబడితే, ఆ మనిషిని ఆ రోజే విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కో, దగ్గరలోని సర్జన్ దగ్గరికో పంపించాలి.

గాయం సంగతి ముందు

ప్రాజెక్టు కోసం వచ్చే విద్యార్థుల్లో చాలామంది మొదట పదార్థం పేరు చెబుతారు. ఏ గాయం కోసం అని అడిగితే ఆలోచనలో పడతారు. ఆ గాయం పొడిగా ఉందా, చెమ్మగా ఉందా, కట్టు తడిసిపోయేంత రసి కారుతోందా అన్న ప్రశ్నకు జవాబు దొరికాకే పదార్థం పేరు ఎత్తాలి, ఎందుకంటే ఒకే పదార్థం రసి కారే పుండుకు మేలు చేసి, ఎండిన పుండుకు హాని చేయగలదు.

గాయానికి గాలి తగలాలి, ఎండితేనే మానుతుంది అని మన ఇళ్లలో పెద్దలు చెబుతూ వచ్చారు. జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు 1962లో పందుల చర్మం మీద చేసిన ప్రయోగం ఆ నమ్మకాన్ని కదిలించింది. ప్లాస్టిక్ పొర కింద చెమ్మగా ఉంచిన గాయం మీద పైచర్మం, గాలికి వదిలేసి పక్కు కట్టిన గాయం మీదకంటే దాదాపు రెట్టింపు వేగంతో పెరిగింది. కొత్త చర్మకణాలు గాయం అంచుల నుంచి పాకుతూ లోపలికి రావాలి. పక్కు గట్టిపడితే అవి దాని కిందికి దిగి, తడి ఉన్న చోటు వెతుక్కుంటూ రావాలి కాబట్టి ఆలస్యమవుతుంది. అలాగని నీళ్లు నిలవ ఉంచినా కుదరదు. బట్టలు ఉతికిన చేతివేళ్ల మాదిరిగా గాయం చుట్టూ ఉన్న మంచి చర్మం నాని, తెల్లబడి, చిట్లిపోతుంది.

అందువల్ల మంచి కట్టు చెమ్మను నిలపాలి, మించినదాన్ని పీల్చాలి, కొంత ఆవిరిగా బయటికి వదలాలి. మామూలు చర్మం నుంచి రోజుకు చదరపు మీటరుకు సుమారు 204 గ్రాముల నీరు ఆవిరవుతుంది. ఎర్రటి కొత్త కండ పెరుగుతున్న పుండు నుంచి ఇది 5,000 గ్రాములు దాటగలదు. కట్టు గుండా వెళ్లే ఆవిరి 2,000 నుంచి 2,500 గ్రాముల మధ్య ఉండేలా చూసుకోవడం మంచిదని ఈ రంగంలో పనిచేసేవారు చాలాకాలంగా పాటిస్తున్నారు. మీ పొరను చివర్లో ఈ అంకెతోనే పోల్చవలసి ఉంటుంది.

ఏ గాయానికి ఏ పదార్థం

మనందరికీ తెలిసిన గాజుగుడ్డ కూడా సహజ పాలిమరే, దూదిలోని సెల్యులోజ్. అది చవక, బాగా పీలుస్తుంది, కానీ ఎండిన తర్వాత గాయానికి అతుక్కుంటుంది. కట్టు మార్చేటప్పుడు రోగి పళ్లు బిగబట్టుకోవడం, విప్పిన గుడ్డ మీద నెత్తుటి చుక్కలతో పాటు కొత్తగా పెరిగిన కణజాలం కూడా ఊడి రావడం చూసినవారికి, వేరే పదార్థం ఎందుకు కావాలో ఇంకెవరూ వివరించనక్కరలేదు.

రసి ఎక్కువగా కారే పుండుకు ఆల్జినేట్ తగినది. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి దీన్ని తీస్తారు. స్కాట్లండ్‌లో పనిచేసిన స్టాన్‌ఫర్డ్ అనే రసాయనశాస్త్రవేత్త 1881లో దీన్ని మొదటిసారి వేరుచేశాడు. డ్రెస్సింగులో ఇది కాల్షియం ఆల్జినేట్ నూలుగా ఉంటుంది. గాయం రసిలోని సోడియం అయాన్లు పోగులోకి చేరి, కాల్షియం అయాన్లు బయటికి వస్తాయి, పోగు ఉబ్బి మెత్తటి జెల్ అవుతుంది. బయటికి వచ్చిన కాల్షియం నెత్తురు గడ్డకట్టడానికి సాయపడుతుంది. ఈ కట్టు తన బరువుకు 15 నుంచి 20 రెట్ల ద్రవాన్ని పట్టుకోగలదు. ఆల్జినేట్ గొలుసు రెండు రకాల చక్కెర ఆమ్లాలతో ఏర్పడుతుంది. అందులో గులురోనిక్ ఆమ్లం పాలు ఎక్కువగా ఉంటే జెల్ గట్టిగా ఉండి, ఒకే ముక్కగా ఎత్తివేయవచ్చు. మాన్యురోనిక్ ఆమ్లం పాలు ఎక్కువైతే జెల్ మెత్తగా ఉండి, సెలైన్‌తో కడిగితే పోతుంది. పొడి గాయం మీద మాత్రం దీన్ని వేయకూడదు. ఉన్న కాస్త చెమ్మనూ పీల్చి, గాజుగుడ్డలాగే అతుక్కుపోతుంది.

నెత్తురు కారే గాయానికి, సూక్ష్మజీవుల భయం ఉన్న గాయానికి కైటోసాన్ మంచి ఎంపిక. కైటోసాన్ గొలుసు మీది అమైన్ గుంపులు (నత్రజని ఉన్న భాగాలు) ఆమ్ల వాతావరణంలో ధనావేశం పొందుతాయి. ఎర్ర రక్తకణాల పైపొరకు, బ్యాక్టీరియా పైపొరకు ఋణావేశం ఉంటుంది. రెండూ అంటుకోవడం వల్ల ఒకచోట నెత్తురు గడ్డకడుతుంది, మరోచోట బ్యాక్టీరియా పొర దెబ్బతింటుంది. యుద్ధభూమిలో రక్తస్రావం ఆపే కొన్ని కట్లు కైటోసాన్‌తో చేసినవే.

ఎన్నాళ్లైనా మానకుండా మొండికేసిన పుండుకు కొల్లాజెన్‌ను పరిశీలించవచ్చు. అలాంటి పుండులో కొత్త కణజాలాన్ని కరిగించే ఎంజైములు అతిగా పేరుకుని ఉంటాయి. కట్టులోని కొల్లాజెన్ వాటికి మేతగా మారి, గాయంలోని కొల్లాజెన్‌ను కొంతవరకు కాపాడుతుంది. ఇది ఆవు, పంది చర్మాల నుంచి, చేప చర్మం, పొలుసుల నుంచి వస్తుంది కాబట్టి, ఏ జంతువుదో రోగికి చెప్పి అనుమతి తీసుకోవడం మర్యాదే కాదు, బాధ్యత కూడా. బ్రెజిల్‌లో శుద్ధిచేసిన తిలాపియా చేప చర్మాన్ని కాలిన గాయాల మీద పరిచి చికిత్స చేశారు. బ్యాక్టీరియా నేసే సెల్యులోజ్, హైలురోనిక్ ఆమ్లం, పట్టులోని ఫైబ్రోయిన్ కూడా ఈ పనికి వస్తాయి గాని, మొదటిసారి చేసేవారికి వాటిని సలహా ఇవ్వను.

పొట్టు సేకరణ, శుద్ధి

విశాఖలో ఉన్నవారికి కైటోసాన్‌తో మొదలుపెట్టడమే సులువు, ముడిసరుకు మన ముంగిట్లోనే ఉంది. పొట్టు తీసుకునేటప్పుడు అదే రోజు ఒలిచినది కావాలని అడగండి, ఐస్ వేసిన డబ్బాలో తెచ్చుకోండి. తలకాయలను అక్కడే వేరుచేయడం మంచిది. తలలోని జీర్ణగ్రంథుల్లో ఎంజైములు ఉండడం వల్ల అది ముందుగా కుళ్లి, మిగతా పొట్టునంతా నల్లబరుస్తుంది. వీలైతే ఒకే రకం రొయ్య, వనామీ అయితే వనామీ ఒక్కటే, తీసుకోవాలి. అన్ని రకాలూ కలిసిన పొట్టుతో చేసిన కైటోసాన్ ఈ నెల ఒకలా, వచ్చే నెల ఒకలా వస్తుంది, ఫలితాలను పోల్చడానికి వీలుండదు. పాండురంగాపురంలో కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం ఉంది. చేపలు, రొయ్యల వ్యర్థాల మీద ఆ సంస్థకు ఏళ్ల అనుభవం ఉంది కాబట్టి, పని మొదలుపెట్టే ముందు మీ గైడు ద్వారా అక్కడి శాస్త్రవేత్తల సలహా కోరడం లాభం.

పొట్టును బాగా కడిగి, 60 డిగ్రీల ఓవెన్‌లో ఎండబెట్టి, మిక్సీలో బరకగా పట్టండి. మెత్తని పొడి చేస్తే వడకట్టేటప్పుడు సగం గుడ్డ గుండా పోతుంది.

ఎండిన పొట్టులో ముఖ్యంగా మూడు ఉంటాయి: కాల్షియం కార్బొనేట్, ప్రోటీను, కైటిన్. మొదటి రెండింటినీ తొలగిస్తే మూడోది మిగులుతుంది. ఒక గ్రాము పొట్టుకు 15 మిల్లీలీటర్ల లెక్కన ఒక నార్మల్ (1N) గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం తీసుకొని, కొద్దికొద్దిగా పోయాలి. ఒక్కసారిగా పోస్తే కార్బన్ డయాక్సైడ్ నురగ పాలు పొంగినట్టు బీకరు అంచులు దాటుతుంది, ఆ నురగలో ఆమ్లం ఉంటుంది. బుడగలు ఆగిపోయాక ఇంకొంత తాజా ఆమ్లం పోసి చూడండి; మళ్లీ బుడగలు వస్తే సున్నం ఇంకా మిగిలి ఉన్నట్టే. తటస్థం అయ్యేదాకా కడిగి, 4 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో 65 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే ప్రోటీను కరిగి ద్రవం టీ రంగులోకి తిరుగుతుంది. ద్రవం దాదాపు రంగులేకుండా మిగిలేదాకా మార్చి మార్చి చేయాలి. ప్రోటీను మిగిలితే అది రొయ్య ఎలర్జీ ఉన్నవారికి ముప్పు, అందుకే ఇక్కడ తొందర పనికిరాదు. మిగిలిన గులాబిరంగును అసిటోన్‌తో కడిగి తీసేయవచ్చు.

ఇప్పుడు చేతిలో ఉన్నది కైటిన్. 1859లో రూజే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని చిక్కని క్షారంలో మరిగించి చూసినప్పుడు, ఆమ్లాల్లో కరిగే కొత్త పదార్థం వచ్చింది. మనం చేసేదీ అదే. 50 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో, 100 డిగ్రీల దగ్గర, రెండు నుంచి నాలుగు గంటలు వేడిచేస్తే కైటిన్ గొలుసు మీది అసిటైల్ గుంపులు ఊడిపోయి, అమైన్ గుంపులు బయటపడి కైటోసాన్ తయారవుతుంది. ఈ మెట్టులోనే ప్రమాదం ఎక్కువ. క్షారాన్ని నీళ్లలోకి కొద్దికొద్దిగా వేయాలి, నీళ్లను క్షారం మీద పోయకూడదు. వేడి క్షారం గాజును తినేస్తుంది కాబట్టి స్టీలు పాత్ర వాడాలి. సత్తు (అల్యూమినియం) గిన్నెను దగ్గరికి కూడా రానివ్వకూడదు, అది క్షారంలో కరిగి హైడ్రోజన్ వాయువును వదులుతుంది. కళ్లద్దాలు, పొడవాటి గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ లేని చోట ఈ పని చేయవద్దు. ఆ ఏర్పాట్లు లేకపోతే కైటోసాన్‌ను కొనుక్కోవడమే సరైన పని, ప్రాజెక్టు విలువ దానివల్ల ఏమీ తగ్గదు.

తర్వాత కడగడం ఉంటుంది. రేకులు గ్లవ్స్ వేళ్ల మధ్య సబ్బుముక్కల్లా జారుతున్నంతసేపూ క్షారం పోలేదని అర్థం. పీహెచ్ కాగితం 7 చూపేదాకా కడిగి, ఆఖరి రెండు విడతలు డిస్టిల్డ్ వాటర్‌తో చేయాలి. వంద గ్రాముల ఎండు పొట్టు నుంచి సుమారు 15 నుంచి 20 గ్రాముల కైటోసాన్ వస్తుంది. ఒక గ్రామును 100 మిల్లీలీటర్ల 1 శాతం అసిటిక్ ఆమ్లంలో రాత్రంతా కలియబెట్టి, పొద్దున్న వెలుగుకు ఎదురుగా పట్టుకొని చూడండి. ద్రావణం తేటగా ఉంటే సరే, గాజుముక్కల్లాంటి రేకులు తేలుతుంటే ఆ సరుకును మళ్లీ క్షారంలో వేయాలి. కొంత సరుకును పూర్తిగా కాల్చి చూసే బూడిద పరీక్షలో 1 శాతం లోపు బూడిదే మిగలాలి. అసిటైల్ ఎంత పోయిందో టైట్రేషన్‌తోనో ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో పదార్థాన్ని పరిశీలించే పరికరం)తోనో కొలిచి రాసుకోవాలి.

పొర పోయడం

రెండు శాతం కైటోసాన్‌ను 1 శాతం అసిటిక్ ఆమ్లంలో కరిగించి, కైటోసాన్ బరువులో నాలుగో వంతు గ్లిసరిన్ కలిపి, సన్నని గుడ్డలో వడకట్టండి. ద్రావణం పలుచని పాకంలా ఉంటుంది, అందులోని బుడగలు వాటంతట అవి పైకి రావడానికి ఒక రాత్రి పడుతుంది. తొమ్మిది సెంటీమీటర్ల పెట్రీ డిష్‌లో 25 మిల్లీలీటర్లు పోస్తే, చదరపు సెంటీమీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల కైటోసాన్ పడుతుంది. పోయడానికి ముందు బల్ల మట్టంగా ఉందో లేదో తాపీమేస్త్రి వాడే రసమట్టంతో చూసుకోండి. బల్ల కాస్త వాలి ఉన్నా పొర ఒకవైపు కాగితంలా, మరోవైపు అట్టలా వస్తుంది, ఆ తర్వాత ఏ కొలతా నిలబడదు. మన ఊళ్లో వానాకాలంలో, ఆ మాటకొస్తే ఏడాదిలో చాలా నెలల్లో, గాలిలో తేమ ఎక్కువ. బల్ల మీద వదిలేస్తే రెండు రోజులైనా పొర జిగటగానే ఉంటుంది. నలభై డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, తీసిన వెంటనే సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో (తేమ చేరకుండా మూత బిగించే పాత్రలో) పెట్టాలి.

నేను ఈ పని కొత్తగా నేర్చుకుంటున్నప్పుడు, అద్దంలా మెరుస్తున్న పొరను మొదటిసారి డిష్‌లోంచి తీసి, సంతోషంతో నేరుగా సెలైన్‌లో వేశాను. నాలుగైదు నిమిషాల్లో అంచులు కరగడం మొదలై, కాసేపటికి గిన్నెలో గంజి తప్ప ఏమీ మిగల్లేదు. ఆరిన పొర నిజానికి కైటోసాన్ అసిటేట్ అనే లవణం. ఆమ్లం ఇంకా అందులోనే ఉంటుంది కాబట్టి నీటిలో కరిగిపోతుంది. దానికి విరుగుడు తటస్థీకరణ. ఆరిన పొర డిష్‌లో ఉండగానే ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే, కొద్ది నిమిషాల్లో అంచు తనంతట తానే లేచి, పొర మొత్తం తేలుతుంది. బ్లేడుతో గీకవలసిన పని ఉండదు. అరగంట ఉంచి, పీహెచ్ 7 వచ్చేదాకా నీళ్లు మార్చాలి. ఈ కడగడంలో గ్లిసరిన్ కూడా పోతుంది, పొర ఆరాక అప్పడంలా విరుగుతుంది. అందుకని చివర 2 శాతం గ్లిసరిన్ నీళ్లలో ఒక గంట నానబెట్టి, చట్రానికి బిగించి ఆరబెట్టాలి. చట్రం లేకపోతే ముడుచుకుపోతుంది.

రసి ఎక్కువ పీల్చే స్పాంజి కావాలంటే, అదే ద్రావణాన్ని గ్లిసరిన్ లేకుండా గడ్డకట్టించి, ఫ్రీజ్ డ్రైయర్‌లో (మంచును కరగనివ్వకుండా నేరుగా ఆవిరిచేసే యంత్రంలో) పెట్టండి. మెల్లగా గడ్డకడితే మంచు స్ఫటికాలు పెద్దవై రంధ్రాలు పెద్దగా వస్తాయి, వేగంగా గడ్డకడితే చిన్నవి వస్తాయి. స్పాంజిని కూడా తటస్థీకరించడం మరవకూడదు.

ఆల్జినేట్ పొర చేయడం ఇంతకంటే తేలిక. సోడియం ఆల్జినేట్ పొడిని గిర్రున తిరుగుతున్న నీటి సుడిలో చిటికెడు చిటికెడుగా చల్లాలి, ఉప్మా రవ్వ పోసినట్టు. ఒక్కసారి వేస్తే ఉండలు కట్టి, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. రెండు శాతం ద్రావణాన్ని డిష్‌లో ఆరబెట్టి, 2 శాతం కాల్షియం క్లోరైడ్‌లో పది నిమిషాలు ముంచితే సరిపోతుంది. రుషికొండ నుంచి భీమిలి దాకా రాళ్ల మీద సర్గాసం అనే గోధుమరంగు నాచు కనబడుతుంది, దాన్నుంచి ఆల్జినేట్ తీయడం నేర్చుకోవడానికి మంచి అభ్యాసమే. అయితే రాళ్ల మీద పెరుగుతున్నదాన్ని పెరకవద్దు, చేపపిల్లలకు అది నీడ. అలలు ఒడ్డుకు తోసినది చాలు. కైటోసాన్, ఆల్జినేట్ రెండింటినీ కలిపి పొర చేద్దామని చాలామంది ఒక ద్రావణాన్ని మరోదానిలో పోస్తారు. ఆవేశాలు ఎదురెదురు కాబట్టి పాలు విరిగినట్టు ముక్కలవుతుంది. ఒకటి ఆరిన తర్వాత దాని మీద రెండోది పొరగా పోయడమే సరైన దారి.

పరీక్షలు

పీల్చే శక్తిని మామూలు నీటితో కొలవవద్దు. లీటరు నీటిలో 8.298 గ్రాముల సోడియం క్లోరైడ్, 0.368 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ కలిపిన ద్రావణం గాయం రసిలోని అయాన్లకు దగ్గరగా ఉంటుంది. ఐదు సెంటీమీటర్ల చదరపు ముక్కను తూచి, దాని బరువుకు 40 రెట్ల ద్రావణంలో, 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, ఒక మూల పట్టకారుతో పట్టుకొని 30 సెకన్లు వేలాడదీసి, మళ్లీ తూచాలి. ముఖ్యంగా ఆల్జినేట్ విషయంలో, ఉట్టి నీటిలో సోడియం లేదు కాబట్టి, వచ్చే అంకె గాయం మీద జరిగేదాన్ని ఏమీ చెప్పదు.

ఆవిరి పరీక్షకు నీళ్లు పోసిన చిన్న కప్పు మూతికి పొరను బిగించి, 37 డిగ్రీల దగ్గర, డెసికేటర్‌లో ఒక రోజు ఉంచి బరువు తగ్గుదల చూస్తారు. మూతి వ్యాసం 3.5 సెంటీమీటర్లు అయితే వైశాల్యం 9.62 చదరపు సెంటీమీటర్లు. 24 గంటల్లో 2.2 గ్రాములు తగ్గితే, చదరపు మీటరుకు రోజుకు సుమారు 2,287 గ్రాములు. మొదట చెప్పిన 2,000 నుంచి 2,500 మధ్య ఇది పడింది. అంకె 4,000 వస్తే పొర పలుచనైనట్టు, 800 వస్తే మందమైనట్టు. డిష్‌లో పోసే ద్రావణాన్ని దాన్నిబట్టి సవరించుకోవాలి. ఈ పరీక్షను విశాఖ గాలిలో బల్ల మీద చేస్తే, బయటి తేమ వల్ల అంకె తక్కువగా వస్తుంది, పొరది తప్పు అనుకుంటాం.

కణాల మీద విషప్రభావం చూడడానికి ఐఎస్‌ఓ 10993-5 ప్రమాణం ఉంది. బతికిన కణాలు 70 శాతం కంటే తగ్గితే ఆ పదార్థం హానికరమని లెక్క. క్షారం సరిగా కడగని పొరలు చాలావరకు ఇక్కడే తప్పుతాయి.

శుభ్రత, ప్యాకింగు

సూక్ష్మజీవులను చంపడానికి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన వేడి ఆవిరి పాత్రలో) పెడితే పొర ముడుచుకొని పసుపుపచ్చబడుతుంది. పరిశ్రమలో 25 కిలోగ్రేల (కిరణాల మోతాదును కొలిచే ప్రమాణం) గామా కిరణాలు వాడతారు, కానీ కైటోసాన్, ఆల్జినేట్ గొలుసులు ఆ కిరణాలకు తెగుతాయి కాబట్టి, కిరణాలు పడిన తర్వాత బలం, పీల్చే శక్తి మళ్లీ కొలవాలి. డెబ్బై శాతం ఆల్కహాలులో ముంచడం, యూవీ దీపం కింద పెట్టడం కణాల పరీక్షకు మాత్రమే సరిపోతాయి, వాటిని స్టెరిలైజేషన్ (సూక్ష్మజీవులన్నిటినీ చంపడం) అని రిపోర్టులో రాయకూడదు. మీ పని నిజంగా రోగి దాకా చేరాలంటే 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల ప్రకారం లైసెన్సు, నైతిక కమిటీ అనుమతి కావాలి; పెదగంట్యాడ వైపున్న మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల పరీక్షలకు ప్రయోగశాలలు ఉన్నాయి, ఆ దశకు వచ్చాక అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

నమూనాలను అల్యూమినియం రేకు సంచిలో, సిలికా జెల్ పొట్లంతో కలిపి సీలు చేయండి. మామూలు పాలిథీన్ కవరు మన తేమను ఆపలేదు. సంచి మీద పొట్టు ఏ రొయ్యది, ఏ తేదీన తెచ్చారు, ఏ విడత కైటోసాన్, అసిటైల్ తొలగిన శాతం ఎంత, పొర పోసిన తేదీ ఏది అన్నవి రాసి, వాటి కింద విడిగా, పెద్ద అక్షరాలతో రాయాల్సిన మాట ఇది: రొయ్యల నుంచి తయారైనది, రొయ్య పడనివారికి వాడకూడదు.